అప్పలసూరి కొన్న రివాల్వరు

నాకు కోపం ముక్కు మీదుంటుంది. విజయనగరంలో మా తుపాకుల షాపు మెట్లెక్కిన ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. కొంగల్ని కొట్టడానికి ఏనుగుల తుపాకి అడిగేవాళ్ళు కొందరు, అలమారలో ఏది తళతళలాడితే అదే కావాలనేవాళ్ళు కొందరు. అలాంటివాళ్ళని కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెట్టి, వాళ్ళకి తగినదేదో చేతిలో పెట్టి పంపేవాణ్ణి. "నగరేశ్వరరావు నోరు చెడ్డదిగానీ సరుకు మంచిది" అనేవారు ఊళ్ళో. ఆ మాట వింటే నాకు కడుపు నిండిపోయేది.

అరవై ఎనిమిది మార్చిలో ఒకరోజు పొద్దున్న పదింటికి అప్పలసూరి, అతని పెళ్ళాం దేముడమ్మ షాపుకొచ్చారు. వాళ్ళది మందస అవతల, కొండ కింద గెడ్డలోవ అనే చిన్న ఊరు. మూడెకరాల జీడితోట ఉందట. మనిషికి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. చెవి కిందనుంచి దవడ దాకా పెద్ద మచ్చ. కలెక్టరాఫీసు ఇచ్చిన లైసెన్సు కాగితాన్ని గుడ్డ సంచిలోంచి తీసి నా ముందు పెట్టాడు. కొండల మీద గిరిజనుల తిరుగుబాటు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులవి. చేతితుపాకికి లైసెన్సు దొరకడం మాటలు కాదు. ఇతనికెలా ఇచ్చారా అనుకున్నాను.

"పిస్తోలు కావాల బాబూ. ఎలుగుకి" అన్నాడు.

"ఎలుగుకి పిస్తోలేటి? బుద్ధుందా నీకు? రెండు గొట్టాల తుపాకి పట్టుకెళ్ళు. పెద్ద గుళ్ళ తూటా ఒకటి తగిలితే ఇంక అడుగు ముందుకెయ్యదు."

అతను కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి, సంచి పెట్టినట్టు కౌంటరు మీద పెట్టాడు. మోచేతి కిందంతా ఎండిపోయి ఉంది. వేళ్ళు ముడుచుకుపోయాయి.

"దీంతో తుపాకి ఎలగ పట్టుకోమంటావు?" అన్నాడు.

 రెండేళ్ళ కిందట జీడిపళ్ళ కాలంలో తెల్లారగట్ల తోటకి వెళ్తే ఎలుగు ఎదురుపడిందట. "దానికి సూపు మందం బాబూ. నాకూ మసక. ఇద్దరం ఒకలిమీద ఒకలు పడిపోనాం" అన్నాడు. ఈ ఏడాది పిల్లలతో తల్లి ఎలుగొకటి దిగిందట. కింద రాలిన జీడిపళ్ళ కోసం రోజూ వస్తోంది. పక్క ఊళ్ళో ఒకడి మొహం పీకేసింది. కూలికి మనిషి రావడం లేదు. కాపలా లేకపోతే పంటా దక్కదు, తోటా దక్కదు.

"ఆ తోట తప్ప మాకింకేటీ నేదు" అంది దేముడమ్మ. సన్నటి మనిషి, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. మాట సూటిగా వస్తుంది.

గుడ్డ పరిచి మూడు పెట్టాను. అప్పలసూరి చెయ్యి తిన్నగా బెల్జియం పిస్తోలు మీదికి పోయింది. నల్లగా నిగనిగలాడుతూ జేబులో పట్టేలా ఉంటుంది.

"ఇది బాగున్నాది."

"బాగానే ఉంటుంది, పెళ్ళిలో పెట్టుకు తిరగడానికి. మొదటి తూటా లోపలికెళ్ళాలంటే ఈ పైభాగం రెండో చేత్తో వెనక్కి లాగాలి. మధ్యలో తూటా ఇరుక్కుంటే మళ్ళీ లాగాలి. ఎలుగుని కాసేపాగమని చెప్పి మోకాళ్ళ మధ్య పెట్టుకుని లాగుతావా?"

దేముడమ్మ నవ్వింది. "సూసినావా మావా, బాబు నీలాంటోళ్ళని శానామందిని సూసీసినాడు" అంది.

రెండోది మరీ చిన్న రివాల్వరు. ఊళ్ళో కుక్కని బెదిరించడానికి సరిపోతుంది. మూడోది పాత ఇంగ్లీషు రివాల్వరు, ముప్ఫై రెండు బోరు, అరచేతికి నిండుగా ఉంటుంది. దాన్నే తీసి అతని చేతిలో పెట్టాను. దీనికి రెండో చెయ్యి అక్కర్లేదు. ఒక తూటా పేలకపోయినా వేలు మళ్ళీ నొక్కితే గుండ్రం తిరిగి తర్వాతది వస్తుంది. నింపేటప్పుడు మోకాళ్ళ మధ్య పెట్టుకుంటే చాలు. ఇంతకంటే పెద్దవి మిలిటరీకీ పోలీసులకీ తప్ప మనకివ్వరని చెప్పాను.

"దీంతో ఎలుగు సస్తాదా?" అంది దేముడమ్మ.

షాపులో అబద్ధమాడే అలవాటు నాకు లేదు. "చావకపోవచ్చు. ఆ చప్పుడికీ మంటకీ పారిపోతే పారిపోతుంది. మీదికే వస్తే వెనకకాళ్ళ మీద లేస్తుంది. దాని రొమ్ము మీద తెల్లటి మచ్చ ఉంటుంది, చూశావు కదా?"

"సూసినాను" అన్నాడు అప్పలసూరి. ఎంత దగ్గర్నించి చూశాడో నేనడగలేదు.

"అక్కడే కొట్టాలి. ఆరడుగుల దూరానికి వచ్చేదాకా కొట్టకూడదు. దూరంనుంచి కొడితే దానికి గాయమవుతుంది, నీకు చావవుతుంది."

తూటాల్లో పొట్టివీ పొడుగువీ రెండు రకాలున్నాయి. రెండూ ఆ రివాల్వరులో పడతాయి. పొట్టివాటిలో మందు తక్కువ, ఎలుగు తోలూ బొచ్చూ కొవ్వూ దాటి లోపలికెళ్ళవు. పొడుగువాటి డబ్బా ఒకటి తీశాను. పాతిక తూటాలు. ప్రతిదాని మొహానా ఎర్రటి బొట్టు.

"దసరాకి ఆయుధపూజలో అమ్మవారి ముందు పెట్టినవి. మా ఇంట్లో తక్కెడతో సహా సరుకంతటికీ పూజ చేస్తాం. ఇవి ఉత్త తూటాలు కావు" అన్నాను గొప్పగా.

దేముడమ్మ డబ్బాని కళ్ళకద్దుకుంది.

షాపు వెనక ఇసకబస్తాల మీద రెండు తూటాలు నేనే పేల్చి చూపించాను. అవి వేరే డబ్బాలోవి. అతని చేత కూడా ఒకటి పేల్పించాల్సింది. పన్నెండింటి పాసింజరుకి టైమైపోతోందన్నాడు, నేనూ పోన్లే అన్నాను. వెళ్ళేముందు మాత్రం నా అలవాటు ప్రకారం వేలు చూపించి చెప్పాను: "గట్టిగా నొక్కాలి. మెత్తగా నొక్కితే టిక్కుమంటుంది, పేలదు. పేలలేదంటే అది నీ వేలి తప్పు. నా సరుకులో తప్పుండదు."

నాలుగు వారాలు గడిచాయి.

ఏప్రిల్ రెండో వారంలో గణపతిరావుగారని ఒక పాత ఖాతాదారు రివాల్వరు చూడ్డానికొచ్చారు. ఆయన ముందు ఇసకబస్తాల దగ్గర నిలబడి, పూజలో పెట్టిన రెండో డబ్బాలోంచి ఆరు తూటాలు నింపాను. నొక్కితే టిక్కుమంది. మళ్ళీ టిక్కు. మూడోది పేలింది. నాలుగు, అయిదు టిక్కు. ఆరోది తుస్సుమని పొగ వదిలి ఊరుకుంది. గణపతిరావుగారు మీసం తడుముకున్నారు. "తర్వాతొస్తాలెండి" అని వెళ్ళిపోయారు.

ఒక తూటా తీసి వాసన చూశాను. నువ్వులనూనె. అడుగు భాగమంతా జిడ్డు.

ఇల్లు షాపు వెనకే. "పార్వతీ, వీటికేటి చేశావు?" అని అరిచాను.

మా ఆవిడ పార్వతీదేవి వంటింట్లోంచి వచ్చింది. తూటాని చూసి ఏమాత్రం కంగారు పడలేదు. "దసరాకి నేనే కదా సర్దింది. ఒక్కోటీ గిన్నెలో నూనెలో ముంచి తీసి పళ్ళెంలో పెట్టాను. తెల్లారాక తుడిచి బొట్టు పెట్టాను. ఇనుముకి నూనే ప్రాణం అని రోజూ మీరే కదా అంటారు."

అంటాను. తుపాకికి నూనే ప్రాణం. తూటాకి మాత్రం నూనె విషం. తూటా అడుగున మందుబిళ్ళ ఉంటుంది. సుత్తి దాని మీద పడితేనే నిప్పు పుడుతుంది. అంచులోంచి నూనె ఇంకితే ఆ బిళ్ళ మెల్లగా చచ్చిపోతుంది. పైకి ఏమీ తెలీదు. ఆర్నెల్లుగా ఆ డబ్బాలు నూనె తాగుతూ అలమారలో కూర్చున్నాయి. ఆ మాట ఆవిడకి ఎప్పుడూ చెప్పని గాడిదను నేనే.

మరుక్షణం అప్పలసూరి గుర్తొచ్చాడు. 

ఆరింటిలో ఒకటి పేలుతుంది. అదీ ఎన్నోదో ఎవడికీ తెలీదు. ఆరడుగుల దూరానికి వచ్చేదాకా కొట్టొద్దని చెప్పి పంపాను నేను. అంతదూరానికి వచ్చిన ఎలుగు ముందు నిలబడి అతను టిక్కు టిక్కుమనిపించుకుంటూ ఉంటాడు. టెలిగ్రాం ఇద్దామా అనిపించింది. ఆ ఊరికి చేరడానికి మూడు రోజులు. పైగా అందులో ఏం రాయాలి? విజయనగరం నగరేశ్వరరావు షాపు తూటాలు పేలవు అని పోస్టాఫీసులో నలుగురు చదువుకోవాలి. ఛీ, మనిషి ప్రాణం మీదికొచ్చినా నాకు పరువే ముందు గుర్తొచ్చింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

కొత్తగా వచ్చిన సరుకులోంచి పాతిక తూటాలు తీసుకుని, వాటిలో నాలుగు పేల్చి చూసి, మళ్ళీ నాలుగు కలిపి, కాగితాలన్నీ పెట్టుకుని తెల్లారి మొదటి పాసింజరెక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అల్లుకున్నాను. "అప్పలసూరీ, ఇంకా జోరైన రకం వచ్చిందిరా. నీకోసం నేనే స్వయంగా తెచ్చాను. పాతవి ఇచ్చేయ్." అంతే చాలు. అతని ప్రాణం దక్కుతుంది, నా పేరూ దక్కుతుంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటేసరికి ఆ మాట నాకే నిజంలా అనిపించింది.

పలాసలో దిగగానే కానిస్టేబుల్ సంచి విప్పమన్నాడు. తూటాలు చూసి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. కొండవైపు తూటాలు పట్టుకెళ్ళే మనిషిని ఆ రోజుల్లో ఎవరూ ఊరికే వదలరు, వదలకూడదు కూడా. కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు చదివారు. కూర్చోబెట్టారు. బెంచీ మీద కూర్చుని కిటికీలోంచి చూస్తుండగా మందస బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. నా కోపమంతా గొంతులో పెట్టుకుని "బాబూ, బేగి తేల్చండి బాబూ" అని బతిమాలాను. నా జన్మలో ఎవరినీ అలా బతిమాలలేదు.

రెండు గంటలు పోయాయి. వదిలాక ఒక ఎడ్లబండి మీద కొంతదూరం, ఆ పైన మండుటెండలో అయిదు మైళ్ళు నడక. దారిలో ఎదురైనవాళ్ళని గెడ్డలోవలో ఎలుగు ఎవరినైనా కొట్టిందా అని అడగాలనుకున్నాను. ఔనంటారేమోనని అడగలేదు.

నేను ఊళ్ళోకి అడుగు పెట్టేసరికి నాలుగు దాటింది. అప్పలసూరి తల్లి నారాయణమ్మ వాకిట్లో జీడిపిక్కలు ఎండబోస్తోంది. "అప్పలసూరి ఉన్నాడా?" అని అడిగాను.

"ఉన్నాడు. ఇంట్లోనే ఉన్నాడు, ఎక్కడికెల్తాడు" అంది. ఆ మాటలో ఏదో విసుగుంది. నాకు మాత్రం ఆ మాటే చాలు. బతికే ఉన్నాడు.

లోపల గుంజకానుకుని కూర్చునున్నాడు. పంట కాలంలో, అంత పొద్దుండగా, రైతు ఇంట్లో కూర్చున్నాడు. గడ్డం మాసిపోయింది. నన్ను చూసి లేచాడుగానీ మొహంలో వెలుగు లేదు.

నేను అల్లుకొచ్చిన మాట అప్పగించేశాను. కొత్తరకం, జోరైన రకం, నీకోసమే తెచ్చాను. డబ్బా చేతికివ్వబోయాను. అతను తీసుకోలేదు.

"ఒద్దు బాబూ. తుపాకి కూడా నువ్వే పట్టుకెలిపో. మరెవలికైనా ఇచ్చీ" అన్నాడు.

నాకు సర్రున కోపమొచ్చింది. పది గంటలు ప్రయాణం చేసి ఇంతదూరం వస్తే ఈ మాటా? "ఏటి, నా సరుకు నచ్చలేదా నీకు?"

"సరుకు మంచిదే బాబూ. నా సెయ్యే మంచిది కాదు."

చూరులోంచి రివాల్వరు చుట్టిన గుడ్డమూట తీసి నా ముందు పెట్టాడు. తర్వాత నేలకేసి చూస్తూ చెప్పాడు. "పన్నెండు రోజులయింది. తెల్లారతన్నాది. ఆ గుంజంత దూరంలో ఒచ్చింది. నువ్వు సెప్పినట్టు ఆగినాను. లేచి నిలబడింది. తెల్ల మచ్చ కనిపించింది. నొక్కినాను. టిక్కుమంది. మల్లీ నొక్కినాను. మల్లీ టిక్కు. మూడోసారీ అంతే. మా కుక్క దాని మీద పడింది, అది కుక్కని సంపీసి ఎల్లిపోనాది. నాను ఒంటిసేత్తోనే సెట్టెక్కీసినాను." కుడిచేతి చూపుడువేలిని పైకెత్తి పరాయి వస్తువులా చూశాడు. "వేల్లో బలం నేకపోతే పేలదని నువ్వు ముందే సెప్పినావు కదా. ఇంక ఈ సెయ్యి కూడా పోనాది. దేముడమ్మకి తప్ప ఎవలికీ సెప్పనేదు. సిగ్గేసింది."

 "దేముడమ్మేదీ?" అన్నాను.

"తోటకి ఎల్లింది. పన్నెండు రోజులనుంచి అదే ఎల్తంది. మంచె మీద కూకుని రేకు డబ్బా కొడతాది" అని, ఒక్క క్షణం ఆగి, "నాను ఇంట్లో కూకుంటన్నాను" అన్నాడు.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నాలుక మీద మరో అబద్ధం సిద్ధంగా ఉంది. "నీ వేలు కాదురా. ఆ డబ్బా మంచిది కాదు. కంపెనీవాళ్ళు పాడైన సరుకు పంపారు. అందుకే ఇవి తెచ్చాను" అనేశాను.

అతను తలెత్తాడు. "నా వేలు కాదేటి?"

"కాదు."

అతని మొహం మారిపోయిన తీరు నేనింతవరకు మరిచిపోలేదు. ముణుకుల మీద కూర్చుని, రివాల్వరు తీసి, ఖాళీ తుపాకి వేలితో నొక్కి చూసుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "అమ్మా, నా వేలు కాదంటే" అన్నాడు.

నారాయణమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నట్టుంది. "ఆ కంపెనీవోల్ల సేతులు పడిపోను" అని శాపనార్థాలు పెట్టింది. నా వైపు చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. "నువ్వు మాత్రం మా పాలిట దేవుడివి నాయనా. ఎంత దూరం నడిసొచ్చినావు" అంది. ఆ దణ్ణం నా మొహమ్మీద కొట్టినట్టే ఉంది. అయినా నోరు విప్పలేదు.

అప్పలసూరి లేచాడు. "అది ఒక్కర్తే ఉన్నాది. తూటాలియ్యి బాబూ, బేగి" అన్నాడు.

డబ్బా నా చేతిలోంచి నారాయణమ్మ అందుకుంది. "ఆగరా. బొట్టు నేకుండా ఉత్తినే పట్టుకెల్తావేటి? ఆటికి అమ్మోరి పూజయింది, ఈటికి కానేదు కదా" అంది. నేను సర్దుకునేలోపే డబ్బా విప్పి తూటాలన్నీ చాటలో పోసింది. దేవుడి మూలనున్న నూనెగిన్నె తెచ్చి, పసుపు వేసి, చేత్తో కలిపింది. ఒక తూటాని తీసి గిన్నెలో ముంచబోయింది.

నేను గిన్నెని తోసేశాను. నూనె నేలంతా ఒలికింది. ముసలామె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మగాడు ఎలుగున్న తోటకి వెళ్ళబోతుంటే దేవుడి నూనె ఒలకబోసినవాణ్ణి ఏమనాలో ఆమెకి తోచలేదు.

"ఇదేటి బాబూ?" అన్నాడు అప్పలసూరి మెల్లిగా.

ఇంక దాచడానికి చోటు లేదు. "నూనె తగిలితే పేలవురా. పాతవాటికి పూజలో మా ఇంట్లోనే నూనె పూశాం. కంపెనీ తప్పు కాదు. నీ వేలి తప్పూ కాదు. నా తప్పు. నిన్న తెలిసింది. పేరు పోతుందని అబద్ధం చెప్పాను, ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాను" అన్నాను. 

 దూరంగా తోటవైపునుంచి డబ్బా చప్పుడు వినిపిస్తోంది. టంగ్, టంగ్ అని ఒకే తీరుగా. అంతవరకు నేను దాన్ని గమనించలేదు. ఉన్నట్టుండి అది ఆగిపోయింది.

అప్పలసూరి రివాల్వరు నా చేతిలో పెట్టి, చాటలోంచి గుప్పెడు తూటాలు తీసి నా జేబులో కుక్కాడు. "నువ్వు నింపు" అని పరిగెత్తాడు.

నేనూ పరిగెత్తాను. గెడ్డ నీళ్ళ పక్కనుంచి ఇసకదారి. రివాల్వరుని మధ్యకి మడిచి తెరిచి పరిగెత్తుతూనే నింపుతున్నాను. పదిహేనేళ్ళుగా కళ్ళు మూసుకుని చేసే పని, ఆ రోజు వేళ్ళు మాట వినలేదు. ఒక తూటా జారి ఇసకలో పడింది, మరోటి పెట్టాను. ఆరూ పడ్డాయి. అతని చేతికిచ్చాను. నావైపు చూడకుండానే తీసుకున్నాడు.

జీడిచెట్ల నీడలో ముందు ఎలుగు పిల్లలు కనిపించాయి. రెండు నల్లటి ముద్దలు, పళ్ళు తింటున్నాయి. రేకు డబ్బా కింద పడి ఉంది. మంచె గుంజని కావలించుకుని తల్లి ఎలుగు పైకి పాకుతోంది. దేముడమ్మ మంచె మీద ఒక మూలకి ముడుచుకుని, చేతికందిన కర్రతో దాని ముక్కు మీద పొడుస్తోంది. అరవడం లేదు. అరవడానికి ఊపిరి లేనట్టుంది. చీర అంచునుంచి రక్తం కారుతోంది.

అక్కడినుంచి కొట్టమని చెప్పబోయాను. మధ్యలో ఇరవై అడుగులుంది. దూరంనుంచి కొట్టొద్దని నేర్పినవాణ్ణి నేనే. అప్పలసూరి ఆగలేదు. నడిచాడు. పరిగెత్తలేదు, నడిచాడు. "ఓలే, ఇటు సూడు" అన్నాడు, పశువుని అదిలించినట్టు.

ఎలుగు ముక్కు ఇటు తిప్పింది. గుంజ వదిలి కిందికి జారింది. పిల్లలకీ మాకూ మధ్యకి వచ్చింది. ఒక ఊదు ఊది మీదికి వచ్చింది. వస్తూ వస్తూ లేచి నిలబడింది. ఆ వాసన నా ముక్కుకి తగిలింది. అతను రివాల్వరు ఎత్తాడు.  కొత్తవి కూడా పేలకపోతే? ముసలామె చేతి నూనె వాటిలో ఏదానికైనా తగిలిందా? ఆ ఒక్క క్షణంలో నేను ఎంతమంది దేవుళ్ళకి మొక్కానో లెక్కలేదు.

పేలింది. రెండోసారి పేలింది. ఎలుగు మనిషిలా అరిచి ముందుకాళ్ళ మీద పడింది. మూడోది పేలేసరికి పక్కకి తిరిగి, పొదలు విరుచుకుంటూ గెడ్డలోకి దిగిపోయింది. పిల్లలు వెనకే పోయాయి. చచ్చిందో బతికిందో నాకు తెలీదు. మళ్ళీ ఆ తోటవైపు రాలేదని మాత్రం తర్వాత విన్నాను.

దేముడమ్మ మంచె దిగింది. పిక్క మీద మూడు గీతలు పడి లోతుగా చీరుకుపోయింది. కుంటుకుంటూ వచ్చి మొగుడి కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"పేలింది మావా" అంది. "నీ సేత్తోనే పేలింది."

అతను ఇసకలో కూలబడి ఏడ్చాడు. ఆమె పక్కన కూర్చుని అతని వీపు నిమిరింది. నేను నా పంచె చింపి ఆమె కాలికి కట్టు కట్టాను. ఆ పని చేస్తూ, తలెత్తకుండా, ఆమెకి కూడా జరిగిందంతా చెప్పాను. ఆమె కాలు వెనక్కి లాక్కోలేదు. కట్టు పూర్తయ్యేదాకా నా వేళ్ళనే చూస్తూ కూర్చుంది.

పొద్దు కొండ వెనక్కి దిగుతోంది. ముగ్గురం లేచాం. అప్పలసూరి రివాల్వరుని మొలలో దోపుకుని, ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి నాకు చూపించాడు, ఆ రోజు కౌంటరు మీద పెట్టినంత నెమ్మదిగా. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది, నాకు కోపంతో వేగడం అలవాటే.

"ఈ సెయ్యి ఎలుగు తిన్నాది బాబూ" అన్నాడు. "ఈ రెండోది పన్నెండు రోజులు నువ్వు తిన్నావు."

వాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఊరివైపు నడిచారు. నేను కింద పడిన రేకు డబ్బాని చేతిలో పట్టుకుని, వాళ్ళ వెనకాల నడిచాను.